అనధికార నవమి

నిత్యతిథి ప్రాజెక్టులో పాలనా సంస్కరణలు ఒక లారీతో మొదలయ్యాయి. ఆ లారీ నిజంగా ఎక్కడా లేదు. హైదరాబాదులో ఏదో సదస్సుకు వెళ్ళొచ్చిన కౌండిన్య అనే సభ్యుడి ఊహలో బయలుదేరి, సామర్లకోటలో తన మానాన తాను కూర్చున్న చయనం పద్మనాభం గారి మీదికి వచ్చింది.

"పద్మనాభం గారూ, తప్పుగా అనుకోకండి. రేపు మీరు లారీ కింద పడ్డారనుకుందాం. అప్పుడు ప్రాజెక్టు గతేమిటి?" అని ఒక ఆదివారం ఉదయం వీడియో సమావేశంలో అందరి ముందూ అడిగాడు.

వంటింట్లో ఉన్న పద్మనాభం గారి భార్య భ్రమరాంబ గారికి ఆ మాట స్పష్టంగా వినపడింది. గరిటె చేత్తోనే ముందు గదిలోకి వచ్చింది.

"ఎవరండీ ఆ అబ్బాయి? పొద్దున్నే అవేం మాటలు? నోరు కడుక్కుని రమ్మనండి."

"ఊరికే ఉదాహరణకి అంటున్నాడే."

"ఉదాహరణకి తననే పడమనండి."

పద్మనాభం గారు చప్పున మైకు ఆపేశారు. అప్పటికే నలభైమంది విన్నారు.

ఆయన టెలిఫోను శాఖలో పనిచేసి రిటైరయిన మనిషి. నిత్యతిథి అంటే ఫోనులో చూసుకునే పంచాంగం. పదకొండేళ్ళ క్రితం ఆయనే మొదలుపెట్టారు. దానికి వెల లేదు, యజమాని లేడు. లోపల రాసిన కోడంతా అందరికీ తెరిచే ఉంటుంది. ఎవరైనా చూడవచ్చు, దిద్దవచ్చు. జీతం భత్యం లేకుండా, తీరిక ఉన్నప్పుడు పనిచేసేవాళ్ళు ఊరికొకరుగా చేరారు. ఎవరికైనా తప్పు కనిపిస్తే చెప్పేవారు. తెలిసినవాళ్ళు దిద్దేవారు. పద్మనాభం గారు మరోసారి లెక్క చూసి, తన డిజిటల్ సంతకం పెట్టి విడుదల చేసేవారు. మర్నాటికి అన్ని ఫోన్లలోకీ వెళ్ళిపోయేది. ఈ పద్ధతికి పేరేమీ లేదు. పేరు లేకపోవడమే కౌండిన్యకు నచ్చలేదు.

"ఇది వ్యక్తి కేంద్రిత వ్యవస్థ. మనకు వ్యవస్థ కేంద్రిత వ్యవస్థ కావాలి" అన్నాడు.

లారీ సంగతి విన్నాక మిగతావాళ్ళకీ భయం వేసింది. పద్మనాభం గారికి కూడా, నిజం చెప్పాలంటే, ఆ మాటలో న్యాయం ఉందనిపించింది. మనిషి శాశ్వతం కాదని రోజూ పూజలో చదువుకునేవాడు ఇంకొకరు గుర్తుచేస్తే కోపగించుకోవడమెందుకు? సరేనన్నారు. ఉపసంఘం వేశారు. ఉపసంఘం అరవై నాలుగు పేజీల రాజ్యాంగం రాసింది. ఆ రాజ్యాంగం కింద మరో అయిదు ఉపసంఘాలు పుట్టాయి. ఆరు నెలలు తిరిగేసరికి ప్రాజెక్టులో కోడ్ రాసేవాళ్ళు ముగ్గురు, రాసేవాళ్ళను పర్యవేక్షించేవాళ్ళు పందొమ్మిదిమంది అయ్యారు.

వాడుకరుల సౌకర్య ఉపసంఘం అని ఒకటుంది. ఆ ఉపసంఘం మొట్టమొదటగా చంద్రుణ్ణి సరిచేసింది. ఒకే రోజున ఉదయం ఒక తిథి, ఆ తర్వాత మరో తిథి చూపిస్తే వాడుకరి గందరగోళ పడుతున్నాడనీ, ఇకనుంచి సూర్యోదయానికి ఉన్న తిథి ఒక్కటే ఆ రోజంతా చూపాలనీ ఒక తీర్మానం పెట్టారు. దానికి ఏకదిన ఏకతిథి విధానమని పేరు.

"అప్పుడప్పుడూ ఒక తిథి సూర్యోదయం అయ్యాక మొదలై, మర్నాటి సూర్యోదయం లోపలే వెళ్ళిపోతుందండీ. మీ లెక్కన అది అసలు కనబడదు. చంద్రుడు మన వీలు చూసుకుని నడవడు కదా" అన్నారు పద్మనాభం గారు.

"మీ అభిప్రాయం నమోదు చేసుకున్నాం" అన్నాడు కౌండిన్య.

పద్నాలుగు ఓట్లకు మూడు. కోడ్ రాసేవాళ్ళు ముగ్గురే కాబట్టి ఆ మూడూ ఎవరివో చెప్పనక్కర్లేదు. అందరూ కలిసి అనుకున్నదాన్ని కాదనడం మర్యాద కాదని పద్మనాభం గారు సంతకం పెట్టి విడుదల చేశారు. అదే ఆయన చివరి సంతకం. ఆషాఢ పౌర్ణమి శుక్రవారంతో ఆయన పదవీకాలం ముగిసినట్టు రాజ్యాంగంలో రాశారు. ఆ రోజు వీడియోలోనే సన్మానం చేసి, సన్మానపత్రం మెయిల్లో పంపారు. కొత్త నాయకుడు ఎన్నికయ్యేదాకా ఒక్క అక్షరం కూడా విడుదల చెయ్యనని ఆయన చేత రాయించుకున్నారు.

"ఇక మీరు లారీ కింద పడ్డా ఫరవాలేదండీ" అన్నాడు కౌండిన్య, మనస్ఫూర్తిగా.

రెండో రోజు, ఆదివారం ఉదయం, పద్మనాభం గారు పూజ ముగించి లేస్తుండగా ఫోను మోగింది.

"పద్మనాభం గారేనా బాబూ? మాది బొబ్బిలి కాడ. నా పేరు సన్యాసమ్మ. పంచాంగం కింద మీ నెంబరుంటే మా పాప సేసిచ్చింది."

"చెప్పండమ్మా."

"మా ఆయన పోయి ఏడాదవతాది బాబూ. సూరప్పడు ఆయన పేరు. సైకిళ్ళు బాగుసేసీవోడు. ఆసాడ బహుళ నవమి నాడు పోయినాడు. సంవత్సరీకం పెట్టించండని మా పంతులు గారిని అడిగితే, ఫోను సూసి, ఈ ఏడు మీ ఆయనకి తిథి నేదమ్మా అన్నారు. తిథి నేకపోడమేటి బాబూ? మడిసి నేకుండా పోయినాడు, సరే. తిథి కూడా నేకుండా పోద్దా?"

పద్మనాభం గారు యాప్ తెరిచి చూశారు. వచ్చే శనివారం అష్టమి. ఆ మర్నాడు ఆదివారం దశమి. నవమి లేదు.

కాగితం తీసుకుని లెక్క వేశారు. శనివారం సూర్యోదయం అయ్యాక ఆరూ ఇరవైకి నవమి వస్తుంది. ఆదివారం తెల్లవారకముందే వెళ్ళిపోతుంది. శనివారం మధ్యాహ్నం, పితృకార్యం చేసే వేళకు, నవమి నిక్షేపంగా ఉంది. ఆకాశంలో ఉంది, ఫోనులో లేదు. ఫోనులో లేకుండా చేసిన కాగితం మీద సంతకం ఎవరిదో ఆయనకు తెలుసు.

"ఉందమ్మా. వచ్చే శనివారమే నవమి" అన్నారు.

"ఆ ముక్క మా పంతులు గారికి సెప్పండి బాబూ. నా మాట ఆరు ఇనరు."

ఆ పంతులు గారి పేరు సోమయాజులు. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఆయనొక్కరే. పద్మనాభం గారు ఫోను చేసి సంగతి చెప్పారు.

"శనివారం ఫోనులో అష్టమి ఉందండీ" అన్నారు సోమయాజులు గారు.

"ఆ ఫోనులో ఉన్నది రాసింది నేనేనండీ."

"మీరు రాసినదేమో నవమి లేదంటోంది. మీరేమో ఉందంటున్నారు. మీ ఇద్దరిలో నేనెవరి మాట వినాలి?"

"మీ దగ్గర అచ్చు పంచాంగం ఉంటే ఒక్కసారి చూడండి."

"చూశానండీ. అందులో శనివారం నవమి ఉంది. కానీ ఏం లాభం? ఒక్కో పుస్తకం ఒక్కో రోజు చెప్పి, పండగ వచ్చినప్పుడల్లా జనం మా మీద పడుతున్నారని పోయిన ఏడు మా పురోహిత సంఘం తీర్మానం చేసింది. పుస్తకానికీ ఫోనుకీ తేడా వస్తే ఫోనే ప్రమాణం. నేనూ సంతకం పెట్టాను. మీరు ఫోనులో చూపించండి. శనివారం పన్నెండు గంటలకల్లా దర్భలు పట్టుకుని వాళ్ళింట్లో ఉంటాను. లేదంటే శ్రావణంలో వచ్చే నవమికి చేయిస్తాను."

"ఆ మాసం వేరు, ఆ తిథి వేరు కదండీ."

"నాకు తెలియదా? నా బాధ నాకుంది."

ప్రొద్దుటూరులో షాహిన అని లెక్కల టీచరు ఒకామె ఉంది. ప్రాజెక్టుకు కోడ్ రాసే ముగ్గురిలో ఒకరు. తిథుల లెక్కలో పద్మనాభం గారి తర్వాత ఆమే. రంజాను నెలపొడుపుకు చంద్రుణ్ణి చూడటం చిన్నప్పటినుంచీ అలవాటనీ, ఈ చంద్రుడూ ఆ చంద్రుడూ ఒకటే కదా అనీ నవ్వుతుండేది. పద్మనాభం గారు మెయిలు రాసిన రెండు గంటలకల్లా ఆమె ఫోను చేసింది.

"సార్, దిద్దేసినా. నాలుగు లైన్లే. వాళ్ళు ఓట్లేసి తీసేయించినవే మళ్ళా పెట్టినా. సంతకం పెట్టి వదిలేయండి."

"నా పదవీకాలం మొన్న శుక్రవారంతో అయిపోయిందమ్మా."

"అయితే ఎవరు పెట్టాల?"

"నాయకుడు పెట్టాలి."

"నాయకుడు ఎవరు?"

"లేడు."

"ఇదేంది సార్ ఇది? మిమ్మల్ని పంపించేసినారు, ఇంకొకర్ని పెట్టుకోలేదా?"

"పెట్టుకోవడానికే పంపించారమ్మా."

సోమవారం అత్యవసర సమావేశం పెట్టారు. ప్రధాన ఎన్నికల అధికారిగా గుడిమెట్ల వీరాస్వామి గారిని అప్పటికే నియమించారు. ఆయన మండల కార్యాలయంలో సూపరింటెండెంటుగా పనిచేసి, పదహారు ఎన్నికలు జరిపించిన అనుభవం కలవారు. నిత్యతిథిని ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు. నిష్పాక్షికతకు ఇంతకన్న రుజువు అక్కర్లేదని ఆయన్ను ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు.

పద్మనాభం గారు సన్యాసమ్మ సంగతి చెప్పారు. కౌండిన్య ఎంతో శ్రద్ధగా విన్నాడు. అతను చెడ్డవాడు కాడు. ఎవరేం చెప్పినా శ్రద్ధగా వినడం అతనికి అలవాటు.

"చాలా హృదయవిదారకం. ఇలాంటి సందర్భాల్లోనే మనం ప్రక్రియను మరింత గౌరవించాలి. ఇవాళ ఒక నవమికి మినహాయింపు ఇస్తే, రేపు ఏకాదశులన్నీ వచ్చి అడుగుతాయి" అన్నాడు.

వీరాస్వామి గారు గొంతు సవరించుకుని నోటిఫికేషను చదివారు. "ఇందుమూలముగా సమస్త సభ్యులకు తెలియజేయడమేమనగా, నాయకుని ఎన్నిక కొరకు షష్ఠి నాడు నామినేషన్లు స్వీకరించబడును. సప్తమి నాడు ఉపసంహరణ. అష్టమి విరామము. నవమి నాడు ఉదయం తొమ్మిది గంటలకు నామినేషన్ల పరిశీలన. దశమి నాడు పోలింగు. మన సంప్రదాయమును గౌరవించు నిమిత్తము తేదీలకు బదులు తిథులు వాడబడినవి. తిథులు చివరిగా విడుదలైన నిత్యతిథి ప్రకారము లెక్కించబడును."

"పోటీకి ఎవరు నిలబడొచ్చు సార్?" అని అడిగింది షాహిన.

"కోడ్ వ్రాసినవారు, తప్పులు దిద్దినవారు, తప్పులు ఎత్తిచూపినవారు ఫలితముతో ప్రత్యక్ష సంబంధము కలవారగుటచే అనర్హులు."

"అంటే ఏ పనీ చెయ్యనోళ్ళే నిలబడాలా?"

"ఆ విధముగా వ్రాయలేదమ్మా. నిష్పాక్షికులు అని వ్రాసినాము."

పద్మనాభం గారి చూపు మాత్రం రాజ్యాంగంలో నలభై ఒకటో పేజీ మీద ఉంది. నామినేషను ఒక్కటే వస్తే పరిశీలన ముగిసిన మరుక్షణం అభ్యర్థి ఏకగ్రీవంగా ఎన్నికైనట్టు ప్రకటించాలని అక్కడ ఉంది. అంటే నవమి నాడు తొమ్మిదింటికి పరిశీలన, పదింటికి నాయకుడు, పదీ పదిహేనుకు సంతకం. పన్నెండింటికి సోమయాజులు గారి ఫోనులో నవమి కనిపిస్తుంది. పద్మనాభం గారి ప్రాణం లేచివచ్చింది. ఎలాగైనా ఒక్క నామినేషనే వచ్చేలా చూడమని మూడు రోజులూ దేవుడికి మొక్కుకున్నారు. ఎవరు గెలవాలన్న కోరిక ఆయనకు లేదు. ఒక్కడే ఉండాలి, అంతే.

దేవుడు విన్నాడు. గురువారం సాయంత్రానికి కౌండిన్య నామినేషను ఒక్కటే వచ్చింది. మిగతా పద్దెనిమిదిమందికీ నిలబడాలనే ఉంది గానీ, ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక తప్పు ఎత్తిచూపి అనర్హులై ఉన్నారు.

"ఇదిగో భ్రమరాంబా, సూరప్పడు గారికి దారి దొరికింది" అని పద్మనాభం గారు ఆ పూట రెండోసారి అన్నం పెట్టించుకున్నారు.

శుక్రవారం పదకొండు గంటలకు ఉపసంహరణ సమావేశం. కౌండిన్య ఉపసంహరించుకోనని చెప్పడంతో అది రెండు నిమిషాల్లో ముగియవలసింది. అందరూ లేవబోతుంటే షాహిన చెయ్యెత్తింది. ఆమె ముఖం అప్పటికే మారిపోయి ఉంది.

"సార్, పరిశీలన నవమి నాడన్నారు కదా. నవమి ఏ రోజు?"

వీరాస్వామి గారు చిరునవ్వు నవ్వి, మనవడి చేత ఫోనులో దింపించుకున్న నిత్యతిథిని జీవితంలో మొదటిసారి తెరిచారు.

"శుక్రవారము సప్తమి. శనివారము అష్టమి. ఆదివారము..." అని ఆగారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఆదివారము దశమి."

"మధ్యలో?" అన్నాడు కౌండిన్య.

"మధ్యలో ఏమియు లేదు."

పద్మనాభం గారు రెండు చేతులూ జోడించారు. "అయ్యా, శనివారం నవమి ఉంది. ఈ సంగతి ఇక్కడున్న అందరికీ తెలుసు. రేపు తొమ్మిదింటికి పరిశీలన పెట్టేయండి."

"శనివారము అష్టమి. అష్టమి విరామము. విరామ దినమున పరిశీలన జరిపినచో రేపు ఎవరైనను సవాలు చేయగలరు."

"ఎవరు సవాలు చేస్తారు సార్? నిలబడింది ఒక్కడే కదా" అంది షాహిన.

"ఆయనే చేయవచ్చునమ్మా."

"సార్, ఒకసారి పైకి చూడండి. చంద్రుడు ఆడనే ఉన్నాడు కదా. ఆయన్ను చూసే కదా ఈ లెక్కంతా."

"చంద్రుడు ఈ సంస్థలో సభ్యుడు కాడు" అన్నారు వీరాస్వామి గారు.

పద్మనాభం గారు కౌండిన్య వైపు తిరిగారు. "నాయనా, నీకు కూడా తెలుసు కదా, శనివారం నవమి అని?"

"వ్యక్తిగతంగా తెలుసండీ. కానీ సంస్థకు తెలియదు. సంస్థకు తెలియాలంటే విడుదల కావాలి. విడుదల కావాలంటే నాయకుడు కావాలి."

"నాయకుడు కావాలంటే?"

కౌండిన్యకు అబద్ధం ఆడటం రాదు. "నవమి కావాలి" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. వీరాస్వామి గారు నిర్ణయం చెప్పి రాయించారు. పరిశీలన జరుగవలసిన దినము సంభవించనందున ప్రస్తుత ప్రక్రియ రద్దు చేయడమైనది, శ్రావణ మాసమున తిరిగి నోటిఫికేషను ఇవ్వబడును. ఆ తర్వాత కౌండిన్య ప్రతిపాదన మీద సూరప్పడు గారి కుటుంబానికి సానుభూతి తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదించారు. ఒక నిమిషం మౌనం పాటించారు. మౌనం ముగిశాక, ఆయన పోయి ఏడాది ఎప్పటికవుతుందో మినిట్సులో రాయడానికి తేదీ కావాలని కార్యదర్శి అడిగాడు. ఎవరూ చెప్పలేకపోయారు.

పద్మనాభం గారు కంప్యూటరు మూసి, విస్తరి ముందు కూర్చుని, చెయ్యి పెట్టకుండా అలాగే ఉండిపోయారు. మళ్ళీ ఫోను మోగింది. షాహిన.

"సార్, ఇది అందరిదీ కదా. ఎవరైనా మొత్తం కాపీ తీసుకుని, వేరే పేరు పెట్టి వదలొచ్చని మొదటిరోజే మీరే రాసిపెట్టినారు. నేను కాపీ తీసేసినా. నాలుగు లైన్లూ పెట్టేసినా. పేరొకటి చెప్పండి చాలు."

"అది వేరుపడటం కదమ్మా. పదకొండేళ్ళు కలిసి ఉన్నాం."

"మనం పోలేదు సార్. నవమిని వాళ్ళు బయటికి తోసినారు. మనం దానికి ఇంత నీడ ఇస్తున్నాం."

ఆలోచించి చెబుతానని పెట్టేశారు. భ్రమరాంబ గారు మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి ఎదురుగా కూర్చుంది.

"ఏమిటి ఆలోచన?"

"నియమం పాటిస్తానని రాసిచ్చానే. మాట తప్పమంటావా?"

"ఏమని రాసిచ్చారు?"

"నిత్యతిథిలో ఒక్క అక్షరం విడుదల చెయ్యనని."

"ఆ పిల్ల వేరే పేరు అడుగుతోంది కదా."

"అది సాకు అవుతుందేమోనని. నా మనసుకు తెలుసు కదా, రెండూ ఒకటేనని."

భ్రమరాంబ గారు మజ్జిగ గ్లాసు ఆయన వైపు జరిపింది. "నేను మడి కట్టుకుని వంట చేస్తుంటాను. గడప దగ్గర పసిపిల్ల జారిపడుతుంది. మడిలో ఉన్నానని చూస్తూ నిలబడతానా? ఎత్తుకుంటాను. మడి పోతుంది. మళ్ళీ స్నానం చేస్తాను. మడి తప్పలేదని వాదించను, పిల్లని వదిలెయ్యను. మీరూ అంతే. చేసెయ్యండి. తప్పనిపిస్తే రేపు తెల్లవారి తలకి పోసుకోండి."

పద్మనాభం గారు ఆవిడ ముఖం వైపు చూశారు. అరవై నాలుగు పేజీల్లో ఎక్కడా ఈ అధికరణం లేదు. లేచి షాహినకు ఫోను చేశారు.

"పేరు నవమి అని పెట్టమ్మా."

నాలుగు గంటలకల్లా నవమి బయటికి వచ్చింది. సన్యాసమ్మ కూతురు దాన్ని సోమయాజులు గారి ఫోనులోకి ఎక్కించింది. అయిదింటికి ఆయనే ఫోను చేశారు.

"ఇదేదో కొత్తది పంపించారు. నమ్మవచ్చునా?"

"ఎలా చెప్పమంటారండీ?"

"ఉండండి. మా నాన్నగారిది పుష్య శుద్ధ తదియ. పోయిన ఏడు ఏ రోజున పెట్టానో నాకు గుర్తుంది. చూస్తాను." నెలలు లెక్కపెట్టడం ఇటు వినపడింది. తర్వాత గొంతు మెత్తబడింది. "సరిగ్గా చూపించిందండీ. ఇక నాకే అనుమానమూ లేదు. సంఘం తీర్మానంలో ఫోను అన్నారు గానీ, ఫోనులో ఏదని అనలేదు. ఆగండి, ఆగండి. శనివారం నవమి ఉందండీ!"

"ఉందండీ."

"మరి మొదటే చెప్పవచ్చుగా!"

శనివారం మధ్యాహ్నం సూరప్పడు గారి సంవత్సరీకం ఆయన తిథి నాడు, ఆయన ఇంట్లో జరిగింది. పద్మనాభం గారు ఆ ఉదయం తలస్నానం చేశారు. ప్రాయశ్చిత్తానికా, అలవాటు కొద్దీనా అని భ్రమరాంబ గారు అడగలేదు.

మరుసటి వారం వీరాస్వామి గారినుంచి షోకాజు నోటీసు వచ్చింది. "శుక్రవారము నాడు తమచే ఒక అనధికార నవమి విడుదల చేయబడినట్లు మా దృష్టికి వచ్చినది. సదరు నవమి సంస్థ ఆమోదము పొందినది కాదు. సదరు నవమి నాడు జరిగిన క్రియలకు సంస్థ బాధ్యత వహించదు. తమ సంజాయిషీ తదుపరి నవమి లోగా సమర్పించవలెను." ఏ నవమో రాయలేదు. పద్మనాభం గారు అధికార, అనధికార నవములు రెండింటికీ లెక్క వేసి, వినయంగా జవాబు రాసి పంపారు.

శ్రావణంలో నిత్యతిథి ఎన్నిక మళ్ళీ జరిగింది. ఏకగ్రీవాలు ప్రజాస్వామ్యానికి మంచివి కావని ఈలోగా రాజ్యాంగాన్ని సవరించారు. ఒక్కడే నిలబడితే 'ఎవరూ వద్దు' అనే పేరును పోటీకి పెట్టాలి. కనబడకుండా పోయే తిథుల బెడద లేకుండా పోలింగును త్రయోదశికి మార్చారు. ఆ త్రయోదశి నిజంగానే మాయం కాలేదు. పైగా రెండు సూర్యోదయాలకు ఉంది. శనివారమూ త్రయోదశే, ఆదివారమూ త్రయోదశే. నియమం ప్రకారం రెండు రోజులూ పోలింగు పెట్టారు.

శనివారం కౌండిన్య గెలిచాడు. గెలిచి కృతజ్ఞతలు చెబుతూ గంటా ఇరవై నిమిషాలు మాట్లాడాడు. ఆదివారం 'ఎవరూ వద్దు' గెలిచింది.

వీరాస్వామి గారు ఇద్దరికీ ధ్రువపత్రాలు ఇచ్చారు. అప్పటినుంచి నిత్యతిథికి నాయకుడు ఉన్నాడు, లేడు కూడా. విడుదలకు ఇద్దరి సంతకాలూ కావాలి. ఎవరూ వద్దు గారి సంతకం ఎలా సేకరించాలన్నదాని మీద ఒక ఉపసంఘం పనిచేస్తోంది. చాలా చక్కగా పనిచేస్తోందని విన్నాం. నిత్యతిథిలో తప్పుల గురించి ఇప్పుడు ఒక్క ఫిర్యాదూ రావడం లేదని వార్షిక నివేదికలో గర్వంగా రాసుకున్నారు. వాడేవాళ్ళు నవమికి వెళ్ళిపోయారన్న సంగతి సంస్థకు ఇంకా తెలియదు.

భాద్రపదంలో మహాలయ పక్షాలు వస్తున్నాయనగా సన్యాసమ్మ మళ్ళీ ఫోను చేసింది.

"బాబూ, నాను సన్యాసమ్మని. ఆ దినం పనయ్యాక ఫోన్ సేద్దారనుకుంటూనే రోజులెల్లిపోనాయి. మా ఆయన పని సక్కగా జరిగింది బాబూ. పంతులు గారు కడుపునిండా దీవించీసి ఎల్లినారు."

"సంతోషం అమ్మా."

"ఒక్క ముక్క సెప్పండి. ఈ పంచాంగానికి మీ అందరికీ పెద్దాయన ఎవరు బాబూ? దీపం ఎట్టుకున్నప్పుడు ఆరి పేరు కూడా సెప్పుకుని ఒక దణ్ణం ఎట్టుకుంటాను."

పద్మనాభం గారు ఇరకాటంలో పడ్డారు. "పాతదానికి ఒకాయన ఉన్నాడమ్మా. లేడని కూడా అంటున్నారు."

"పాతదెందుకు బాబూ. మా ఆయనకి తిథి ఇచ్చినదానికి?"

"దానికి ఎవరూ లేరమ్మా. నేనూ, ప్రొద్దుటూరులో ఒక అమ్మాయీ ఎవరికి వీలైతే వాళ్ళం చూస్తుంటాం. పెద్ద అంటూ ఎవర్నీ పెట్టుకోలేదు."

సన్యాసమ్మ గొంతు తగ్గించి, ఎవరూ వినకూడదన్నట్టు అంది.

"మరైతే ఎవరో ఒకరు పెద్ద వొచ్చీలోగానే మా అత్తగారిది కూడా సూసీయండి బాబూ. కార్తీకంలో వొస్తాది."

పద్మనాభం గారు కాగితం దగ్గరకు లాక్కున్నారు.

"చెప్పండమ్మా. ఏ తిథి?"